సియెనాలో నేను చల్లార్చిన భోజనం

ప్రార్థన వల్ల చెడిపోయిన పని లోకంలో ఒక్కటి కూడా లేదని మా లాలాగూడ చర్చి సంఘంలో ఎవరినడిగినా చెబుతారు. వాళ్ళ మాట కాదనే ధైర్యం నాకు లేదు. కానీ ఒక్కటుంది. చెడగొట్టింది నేనే. అదీ ఏ మూలనో ఎవరూ చూడకుండా కాదు. ఇటలీ దేశంలో, సియెనా అనే వందల ఏళ్ళనాటి నగరంలో, ఒక పెద్దావిడ భోజనాల బల్ల దగ్గర, పొగలు కక్కే పళ్ళేన్ని సాక్షిగా పెట్టుకుని చెడగొట్టాను. ఇది చదివాక మీకు నా మీద జాలి కలిగితే మీరు మంచివాళ్ళు. నవ్వొస్తే మామూలు మనుషులు. ఆకలేస్తే మాత్రం మీరు మా యాదగిరి పార్టీ.

ముందు నా గొప్పతనం కొంత చెప్పుకోవాలి. లేకపోతే ఎంత ఎత్తునుంచి పడ్డానో మీకు తెలియదు.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, మా సంఘంలో పెద్ద. మా ఇంట్లో అన్నం ముందు ప్రార్థన అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. వడ్డించిన పప్పుతో మొదలై, దాన్ని వండిన చేతులు, పండించిన చేతులు, మోండా మార్కెట్ దాకా మోసుకొచ్చిన చేతులు, ఆ సమయానికి పట్టాల మీద ఉన్న డ్రైవర్లు, గార్డులు, జబ్బుపడ్డవాళ్ళు, పరీక్షలు రాసేవాళ్ళు, దేశాన్ని ఏలేవాళ్ళు... అందరినీ తలుచుకుని అప్పుడు ఆమెన్ అనేవాళ్ళం. అందుకే అమ్మ ప్రతి కంచం మీదా ఇంకో కంచం బోర్లించేది. ఇంట్లో వేడన్నం తిన్న జ్ఞాపకం నాకు లేదు. అయినా అది లోటని ఎవరికీ తోచలేదు. వాక్యాలు కంఠతా చెప్పే పోటీల్లో బహుమతులన్నీ నావే. ఉపవాస కూటాల్లో నేను నోరు విప్పితే, "ఈ అబ్బాయి ప్రార్థన గోదారిలా పారుతుందమ్మా" అని పెద్దవాళ్ళు మురిసిపోయేవారు. ఆ గోదారికి ఒకరోజు వరదొచ్చి ఎవరింటి మీదో పడుతుందని వాళ్ళకేం తెలుసు?

సికింద్రాబాదులో కిరాణా కొట్టు మేడ మీద కూడా కంప్యూటర్ కోచింగ్ సెంటర్ వెలుస్తున్న రోజులవి. మా కంపెనీ నన్నూ యాదగిరినీ కొన్ని వారాల పని మీద ఫ్లారెన్స్‌లో ఉన్న క్లయింటు దగ్గరికి పంపింది. యాదగిరిది రాంగోపాల్‌పేట్. మోండా మార్కెట్లో వాళ్ళకు స్టీలు సామాన్ల కొట్టు ఉంది. ప్రార్థనలో నేనెంత గట్టివాణ్ణో భోజనంలో అతనంత గట్టివాడు. నన్ను ప్రేమ ఎక్కువైనప్పుడు "భాయ్" అనేవాడు, ఒళ్ళు మండినప్పుడు "పాస్టర్ సాబ్" అనేవాడు.

అసలు ముప్పు విమానాశ్రయంలోనే మొదలైంది. పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టిన పోలీసాయన దాన్ని నా ముందుకు జరిపి, చెయ్యి చాపి, గంభీరంగా ఒక మాటన్నాడు.

"ప్రేగో!"

నా చెవులు దాన్ని పుటుక్కున రెండు ముక్కలు చేశాయి. ప్రే. గో. ప్రార్థించు, వెళ్ళు!

మన దగ్గర పోలీసాయన 'గో' అంటే చాలు, మిగతా సగం మనమే కలుపుకుని ప్రార్థిస్తూ వెళ్ళిపోతాం. ఇక్కడ ఆయనే ముందు ప్రార్థించమంటున్నాడు! నాకు కళ్ళు చెమర్చాయి. అక్కడే తల వంచి, చేతులు జోడించి, ఆ పోలీసాయన కోసం, ఆయన ముద్ర కోసం, ఆయన దేశం కోసం ప్రార్థించాను. వెనక నిలబడ్డ జనం దగ్గడం మొదలుపెట్టారు.

"ఏమైంది భాయ్? కండ్లు తిరుగుతున్నయా?" అన్నాడు యాదగిరి.

"ప్రార్థించి వెళ్ళమన్నాడు."

"ఎవలు?"

"ఆ పోలీసాయనే. ప్రే, గో అన్నాడు. నువ్వు వినలేదా?"

"నాకైతే పేగు అన్నట్టు ఇనబడ్డది. ఆకలితోని గట్ల ఇనబడ్డదేమో అని ఊకున్న."

"నీకెప్పుడూ తిండి గోలే. అది ఇంగ్లీషయ్యా!"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నవాడి కుందేలుకు కనీసం మూడు కాళ్ళున్నాయి. నా కుందేటికి అసలు కాళ్ళే లేవు, అయినా పరుగెత్తించాను. దిగిన మొదటి రెండు రోజుల్లో ఎక్కడ చూసినా అదే మాట. తలుపు తెరిస్తే ప్రేగో. కుర్చీ చూపిస్తే ప్రేగో. థాంక్యూ అంటే ప్రేగో. లిఫ్టులో ఒక ముసలాయన నన్ను ముందు ఎక్కమని పక్కకు జరిగి ప్రేగో అన్నాడు. నా ప్రార్థన ముగిసేలోపల లిఫ్టు ఆయన్ను తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఫోన్ కార్డు కొని ఇంటికి ఫోన్ చేశాను.

"నాన్నా, ఇక్కడ లిఫ్టు ఎక్కేముందు కూడా ప్రార్థించమంటారు!"

నాన్న అవతల అమ్మకు ఆ మాట చెప్పి, మళ్ళీ ఫోనులోకి వచ్చాడు. "వాళ్ళలో మనం సగం కూడా లేమురా."

ఇక నన్ను ఆపేదెవరు?

క్లయింటు తరఫున మా పని చూసే ఆవిడ పేరు పావొలా. నలభై ఏళ్ళుంటాయి, చక్కటి ఇంగ్లీషు మాట్లాడేది. శనివారం సెలవు కదా, సియెనాకు రండి, మా అమ్మ అక్కడే ఉంటుంది, ఊరు చూసి మా ఇంట్లో భోంచేద్దురుగాని అని పిలిచింది. పిలిచి, కాస్త తటపటాయించి, ఒక సంగతి చెప్పింది.

"నాన్న పోయాక అమ్మ ఎవరికీ వండటం లేదు. తన చేతిలో రుచి పోయిందని ఒకటే పట్టు. రొట్టె ముక్క తిని పడుకుంటుంది. మీ గురించి చెబితే, అంత దూరం నుంచి వచ్చిన పిల్లలా, అయితే వండుతాను అంది. ఏడాది తర్వాత మొదటిసారి. అందుకని... దయచేసి బాగా తినండి. వేడి మీద తినండి. చల్లారబెడితే నచ్చలేదనుకుంటుంది. మళ్ళీ పొయ్యి వెలిగించదు."

"మేడమ్, మీరు పరేషాన్ గాకుండ్రి" అని యాదగిరి తెలుగులోనే మాటిచ్చేశాడు. తర్వాత ఇంగ్లీషులో, "తినే డిపార్ట్‌మెంట్ నాది" అన్నాడు.

నేను మాత్రం మనసులో ఒక నిర్ణయం తీసుకున్నాను. ఆ తల్లి వంట కోసం, ఆ తల్లి మనసు కోసం గట్టిగా ప్రార్థించాలి. చూశారా, ఉద్దేశం ఎంత మంచిదో! మునిగిపోయే ప్రతి పడవలోనూ ఇలాంటి మంచి ఉద్దేశమే ఒకటి కూర్చుని తెడ్డు వేస్తుంటుంది.

శనివారం బస్సులో సియెనాకు వెళ్ళాం. పావొలా ముందురోజే వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది కాబట్టి ఊరి మొదట్లో ఎదురొచ్చింది. ఇప్పుడు నా తప్పు సంగతి కాసేపు పక్కన పెట్టి ఆ ఊరి గురించి చెప్పనివ్వండి. కోటగుమ్మం దాటగానే నా నోట మాట పోయింది. ఊరంతా కాల్చిన ఇటుక రంగు. ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడ్డట్టున్నాయి. సందులు మన మోండా మార్కెట్ సందులంత ఇరుకే. కానీ ఒక్కో సందు కొండెక్కుతుంది, వంకర తిరుగుతుంది, ఇక దారి లేదనిపించి హఠాత్తుగా ఆకాశంలోకి తెరుచుకుంటుంది. అలా తెరుచుకున్న ఒక చోట పెద్ద మైదానం. ఆల్చిప్పను వెల్లకిలా పెట్టినట్టు మధ్యకు పల్లంగా ఉంది. దాని పక్కన సన్నగా, పొడుగ్గా ఒక గోపురం. మన సికింద్రాబాద్ క్లాక్ టవర్‌కు పెదనాన్న వరస అవుతుంది. జనం ఆ ఇటుకల మీదే కూర్చుని, పడుకుని, పిల్లల్ని ఆడిస్తున్నారు. ఇన్ని వందల ఏళ్ళుగా ఎవరూ దాని మీద కాంప్లెక్సు కట్టలేదంటే, ఆ ఊరివాళ్ళకు చేతులెత్తి మొక్కాలి.

అక్కడ ఒక కాఫీ కొట్టులోకి తీసుకెళ్ళింది పావొలా. కౌంటర్ వెనక ఉన్నాయన నన్ను చూసి నవ్వి, "ప్రేగో?" అన్నాడు.

నేను తల వంచాను. కాఫీ గింజల నుంచి మొదలుపెట్టి కప్పు కడిగేవాళ్ళ దాకా వచ్చి, ఆమెన్ అని కళ్ళు తెరిచాను. ఆయన కాస్త వింతగా చూసి మళ్ళీ "ప్రేగో?" అన్నాడు. సరిపోలేదేమో! మళ్ళీ తల వంచాను. వెనక వరస తలుపు దాటింది.

"అరే పాస్టర్ సాబ్, కాఫీ అడుగుమంటె కూటం షురూ చేసినవేంది?"

పావొలా యాదగిరి చెవిలో ఏదో అడిగింది. అతనేదో చెప్పాడు. ఆమె గౌరవంగా తలూపింది. బయటికొచ్చాక నేనడిగాను.

"ఏమడిగిందామె?"

"మీ తాన ఇది ఆచారమా అన్నది. ఔ, కస్టమ్ అన్న."

"అలా ఎందుకు చెప్పావు?"

"మరేమనాలె? దోస్తుకు పాగల్ లేసిందనాల్నా?"

స్నేహితుడి పరువు కాపాడటానికి అతనాడిన ఆ చిన్న అబద్ధమే తర్వాత మా అందరి పీకకూ చుట్టుకుంది.

తర్వాత పెద్ద చర్చి. అది చూడటానికి నాకు రెండు కళ్ళు కాదు, మా సంఘం మొత్తానికి ఉన్న కళ్ళన్నీ కావాలనిపించింది. నల్లరాయి, తెల్లరాయి ఒకదానిమీదొకటి పేర్చిన స్తంభాలు. పైన నీలిరంగు కప్పు, నిండా బంగారు చుక్కలు. తల దించితే ఇంకా ఆశ్చర్యం: నేలంతా పాలరాతిలో చెక్కిన బొమ్మలే. ఇటాలియన్ ఒక్క ముక్క రాకపోయినా ఆ నేల నేను గడగడా చదివేశాను. జుట్టు చెట్టుకొమ్మకు చిక్కుకుని వేలాడే రాజకుమారుడు, రాక్షసుడి ముందు వడిసెల తిప్పే గొర్రెలకాపరి, బండలోంచి నీళ్ళు రప్పించిన ముసలి ప్రవక్త... అన్నీ సండే స్కూల్లో విన్న కథలే. యాదగిరికి ఒక్కొక్కటీ చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాడు.

"గిదంత నేల మీదనేనా భాయ్? మా నాయన కొట్టుల గ్రానైట్ ఏపిచ్చి ఊరందరికి సూపిచ్చిండు. ఇది జూస్తే మల్ల ఆ ముచ్చట ఎత్తడు."

దగ్గరలో ఉన్న కాపలాదారు మమ్మల్ని ముందుకు కదలమన్నట్టు చెయ్యి చాపి, "ప్రేగో" అన్నాడు. చర్చిలో ఆ మాట విన్నాక నాకు మిగిలిన కాస్త అనుమానం కూడా చచ్చిపోయింది.

ఇక భోజనం. మెట్ల సందులో, ఒక పాత ఇంటి పైఅంతస్తు. తలుపు దగ్గర పావొలా వాళ్ళమ్మ ఆన్నా నిలబడి ఉంది. చిన్న మనిషి, తెల్లటి జుట్టు, ఇస్త్రీ చేసిన ఏప్రన్. మమ్మల్ని చూడగానే రెండు చేతులూ చాచి, "ప్రేగో! ప్రేగో!" అంది.

రెండుసార్లంది కాబట్టి రెండు ప్రార్థనలు. గుమ్మంలోనే. పావొలా వాళ్ళమ్మ చెవిలో "వాళ్ళ ఆచారం" అన్నట్టు ఏదో గుసగుసలాడింది. పెద్దావిడ కూడా పాపం చేతులు జోడించి నిలబడింది. యాదగిరి మాత్రం ముక్కుతో లోపలి వాసన పీలుస్తున్నాడు.

బల్ల మీద పళ్ళేలు వచ్చాయి. చేత్తో తాళ్ళలా సాగదీసిన లావాటి సేమ్యా, మీద గంటలకొద్దీ మగ్గిన మాంసం కూర. దాన్ని "పీచి" అంటారట.

"ఒకాయన పేగంటడు, ఒకామె పీచంటది. ఏమన్న గాని భాయ్, వాసన మాత్రం మస్తుంది" అన్నాడు యాదగిరి, ఫోర్కు పట్టుకుంటూ.

ఆన్నా కూర్చోలేదు. నా కుర్చీ పక్కనే నిలబడి, నా మొహం చూస్తూ, భయంభయంగా అంది. "ప్రేగో."

నేను కళ్ళు మూసుకున్నాను. ఇంటి దగ్గరి ప్రార్థనే పెద్దది. పరాయి దేశమయ్యేసరికి దానికి కొమ్మలు మొలిచాయి. ఇటలీ రైతులు, ఫ్లారెన్స్ బస్సు డ్రైవరు, చర్చి నేల చెక్కినవాళ్ళ ఆత్మీయ శ్రమ, చివరికి క్లయింటు సర్వర్లు కూడా వచ్చాయి. ఆమెన్ అని చూస్తే పొగ సగం తగ్గింది. ఆచారమని పావొలా, ఆమెను చూసి యాదగిరి, ఎవరూ ముట్టలేదు.

ఆన్నా పళ్ళేన్ని నా వైపు ఇంకాస్త జరిపింది. "ప్రేగో, ప్రేగో!"

మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. బల్ల కింద నా కాలి మీద యాదగిరి బూటు పడింది.

"భాయ్, దేవునికి ఇనబడ్డది. ఇగ సాలు."

"ష్! ఆవిడ అడుగుతోంది కదా."

"ఆమె తినుమంటున్నది!"

"నీకు అన్నీ అలాగే వినబడతాయి."

"అరే, మా మేనమామ పెండ్లిల సుత గింత లేటుగ పెట్టలె. జెర కండ్లు తెరువు, నీకు దండం పెడ్త."

కళ్ళు తెరిచేసరికి పొగ లేదు. ఆలస్యం అమృతాన్ని విషం చేస్తుందంటారు. సేమ్యాను మాత్రం నవారు చేస్తుంది. కూర మీద నెయ్యి పేరుకున్నట్టు తెట్టు కట్టింది. ఆన్నా కళ్ళలో నీళ్ళు నిండాయి. "ప్రేగో..." అంది, దాదాపు బతిమాలుతూ.

కన్నీళ్ళు! నాకంతా అర్థమైపోయింది. భర్త పోయిన దుఃఖంలో ఉన్న తల్లి ప్రార్థన అడుగుతోంది. మా సంఘంలో ఎవరైనా కన్నీళ్ళతో ప్రార్థన అడిగితే కూర్చుని చెయ్యడం మర్యాద కాదు. లేవాలి, తల మీద చెయ్యి ఉంచాలి, గొంతు పెంచాలి. మూడూ చేశాను. ఆ ఇటుక గోడలు అన్ని వందల ఏళ్ళలో అంత తెలుగు విని ఉండవు. కింద సందులో ఎవరో కిటికీ తెరిచి పైకి చూశారని యాదగిరి తర్వాత చెప్పాడు.

నా చేతికింద తల లేదని కాసేపటికి తెలిసింది. ఆన్నా పళ్ళేలన్నీ ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోతోంది. పావొలా మొహం పాలిపోయింది.

"మా అమ్మ ఏం తప్పు చేసింది?" అంది.

"తప్పా? లేదే!"

"నేను వండింది తినాలంటే ఆ అబ్బాయికి అంత భయమా అని అడుగుతోంది. తినేముందు దేవుణ్ణి అన్నిసార్లు వేడుకోవాలా అంటోంది. చివరికి తన తల పట్టుకుని దయ్యం వదిలించినట్టు అరిచావట. ఇక జన్మలో వండనంటోంది!"

"అయ్యో, ఆవిడే కదా ప్రార్థించమంది!"

"ఎప్పుడు?"

"మొదటినుంచీ! ప్రే... గో... అని."

పావొలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా, చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. అది ఇంగ్లీషు కాదు. ప్రేగో అంటే రండి. కూర్చోండి. తీసుకోండి. తినండి. ఫరవాలేదు. మన 'దయచేయండి' లాంటిదన్నమాట. లోపలికి రమ్మనడానికీ అదే, బయటికి పొమ్మనడానికీ అదే.

యాదగిరి కుర్చీలోంచి లేచాడు. "అంటే విమానం దిగినకాడికెళ్ళి వీళ్ళు తినుమంటున్నరు, మనం మొక్కుతున్నమా?"

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. కానీ సియెనా చాలా గట్టి ఊరు, చీలలేదు. ఏడాది తర్వాత పొయ్యి వెలిగించిన మనిషిని నేను నా భక్తితో ఆర్పేశాను. వంటింట్లోకి పరుగెత్తాను. ఆన్నా గోడవైపు తిరిగి నిలబడి ఉంది. నేను రెండు చేతులూ జోడించి (ఈసారి ఆవిడకే) తప్పయింది అన్నాను. పావొలా వెనకనుంచి మొత్తం కథ చెప్పింది: పోలీసాయన, లిఫ్టు, కాఫీ కొట్టు, అన్నీ.

ముందు ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. ఇటు తిరిగింది. నవ్వుతోంది! పొయ్యి గట్టు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, కూతురి మీద వాలిపోయి నవ్వింది. నవ్వి నవ్వి, నా చెంప మీద చిన్నగా తట్టి ఏదో అంది. పావొలా కూడా నవ్వాపుకుంటూ చెప్పింది.

"ఆ అబ్బాయి తప్పేం లేదంటోంది. పాతకాలంలో ఆ మాటకు అసలు అర్థం 'ప్రార్థిస్తున్నాను' అనేనట. మేమే అని అని మరిచిపోయాం. నేను తినమని నిన్ను ప్రార్థిస్తుంటే నువ్వు దేవుణ్ణి ప్రార్థిస్తూ కూర్చున్నావు, ఇద్దరిలో ఒకరైనా తినాలి కదా అంటోంది."

చల్లారిన పళ్ళేలు అలాగే తినేస్తామన్నాం. ఆవిడ ఒప్పుకోలేదు. చేతులు కడుక్కుని, సేమ్యా అంతా ఒక గిన్నెలో వేసి, గుడ్లు కొట్టి, చీజ్ తురిమి, పెద్ద పెనం మీద పరిచి, రెండువైపులా ఎర్రగా కాల్చింది. మన ఇళ్ళలో మిగిలిన అన్నానికి పోపు పెట్టి పండగ చేస్తారే, సరిగ్గా అదే విద్య. సముద్రాలు దాటి వెళ్ళినా అమ్మల చేతులకు వీసా అక్కర్లేదని ఆ రోజు తెలిసింది. పెనం దించగానే నేను కళ్ళు తెరిచే, పెదవులు కదలకుండా, "ప్రభువా, స్తోత్రం" అని ఒక్క ముక్కతో ముగించి, నోరు కాలేట్టు తిన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను తిన్న మొదటి వేడి భోజనం అదే. ఆ చేతిలో రుచి పోయిందని ఎవరన్నారండీ? పోయుంటే ఆ మిగిలిన రుచికే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

యాదగిరి నాలుగోసారి పళ్ళెం చాచి, ఆవిడతో నేరుగా తెలుగులో అన్నాడు. "అమ్మా, నీ చెయ్యికి దండమే. జెర మాడింది సుత ఉంటె ఎయ్యి."

ఆవిడకు మొత్తం అర్థమైంది. మాడిన అంచే వేసింది. ఆ తర్వాత కూతురితో ఏదో చెప్పింది. వచ్చే శనివారం కింది అంతస్తువాళ్ళను కూడా భోజనానికి పిలవమందట. పావొలా నా వైపు చూసిన చూపులో ఇక కోపం లేదు.

నా గుండె నిండిపోయింది. లేచి నిలబడి, ఆ దేశంలో నేను సరిగ్గా నేర్చుకున్న ఒకే ఒక్క మాటను మనస్ఫూర్తిగా అన్నాను.

"గ్రాత్సియే, అమ్మా!"

ధన్యవాదాలంటే ఇటలీలో ఎవరైనా ఏమంటారు? ఆవిడ అలవాటు కొద్దీ ప్రేమగా నోరు తెరిచింది.

"ప్రే..."

"అమ్మా! వద్దు!" అని యాదగిరి బల్ల మీదుగా ఎగిరాడు. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది.

అంతలో పొయ్యి మీంచి అప్పుడే దించిన తీపి రొట్టెలు వచ్చాయి. ఆ రొట్టెల ఎదుట నేను గంభీరంగా ప్రమాణం చేశాను: ఇకమీదట తెలియని భాషలో తెలిసిన మాట వినబడితే, అది నాకెంత బాగా అర్థమైనా సరే, అడగకుండా నమ్మను, వండినవాళ్ళు ఎదురుగా నిలబడి చూస్తుండగా నా ప్రార్థనను వంటకం మీది పొగకన్నా ఎక్కువసేపు బతకనివ్వను, అడగనిదే ఎవరి తల మీదా చెయ్యి పెట్టను. ఈ ప్రమాణం నిలబెట్టుకునే బలం ఇమ్మని దేవుణ్ణి వేడుకోవడానికి కళ్ళు మూసుకోబోయి, ఎందుకైనా మంచిదని ముందు తినేశాను.